ముద్దాయికి అండ: మన ప్రాంతంలో ఉచిత న్యాయసహాయం

న్యాయస్థానమంటే మన గ్రామసీమలలో భయమూ ఉన్నది, బిడియమూ ఉన్నది. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడని సామెత. పొలాల తగాదాలను చూచి మన పెద్దలు చెప్పిన మాట కావచ్చు ఇది. అట్టి తగాదాలో ఓడినవాడు పోగొట్టుకొనేది గట్టో, గుంట భూమో, కొంత పైకమో మాత్రమే. క్రిమినల్ కేసులో నిలిచినవాడు పోగొట్టుకొనేది తన స్వేచ్ఛను. అతనితోపాటు అతని ఇల్లాలు అన్నం పెట్టే చేతిని, బిడ్డలు బడి చదువును, ముసలి తల్లి మందుబిళ్ళను పోగొట్టుకొంటారు. వకీలును పెట్టుకొనే స్తోమతు లేని అట్టివానికి గతి ఏమిటి? ఈ ప్రశ్నకు మన చట్టం స్పష్టమైన సమాధానమే ఇచ్చింది. అవసరమున్న చోటికి ఆ సమాధానం చేరకపోవడమే లోపం. దానిని విద్యార్థులకు తెలియజెప్పుటకే ఈ చిన్న ప్రయత్నం.

మాటలు చెప్పే పాఠం

ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన విద్యార్థులకు కోర్టు భాష ఒక విచిత్రమైన కూడలి. వకీలు, వకాలత్నామా, ఫిర్యాదు, జామీను, హాజరు, ఖైదు, వాయిదా, దరఖాస్తు మున్నగునవన్నీ అరబ్బీ, పారసీ భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన పదాలే. ఫిర్యాదు అనగా మొర. వకీలు అనగా మన వ్యవహారాన్ని మనం అప్పగించిన మనిషి. వాయిదాకు మూలమైన ‘వాదా’ అనే మాటకు ఉర్దూలో ‘మాట ఇచ్చుట’ అని అర్థం.

ఈ పదాలలో ఒక్కటి మాత్రం ప్రమాదకరమైనది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, హక్కు కోరేవాడు. తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరారోపణకు గురి అయినవాడు. అర్థం పూర్తిగా తలక్రిందులైంది. ఉర్దూ తెలిసిన తాత తెలుగు కాగితం చదివించుకొన్నప్పుడు తాను ఏ పక్షాన ఉన్నాడో తెలియక తికమకపడే అవకాశం ఉన్నది. ఇంటిలో చదువుకొన్న బిడ్డ మొట్టమొదట విడమరచి చెప్పవలసినది ఈ మాటనే.

ఉర్దూ మనకు మరొక మంచి భేదాన్ని నేర్పుతుంది. ‘ముల్జిమ్’ అంటే నింద మోపబడినవాడు. ‘ముజ్రిమ్’ అంటే నేరం చేసినవాడు. తెలుగులో నిందితుడు, దోషి అనే మాటల మధ్య ఉన్న భేదమే ఇది. నేరం రుజువయ్యేవరకు నిందితుడు దోషి కాడు. కనుక ముద్దాయికి వకీలును సమకూర్చడం నేరాన్ని కాపాడడం కాదు, విచారణను సత్యం వైపు నడిపించడం.

ఈ హక్కు ఎలా సిద్ధించింది?

అరెస్టయిన ప్రతి వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగంలోని 22వ అధికరణం మొదటి నుండీ ఇచ్చింది. కాని వకీలును పెట్టుకొనే హక్కు ఒకటి, పెట్టుకొనే శక్తి ఒకటి. ఆ లోటును తీర్చుటకు 1976లో 42వ సవరణ ద్వారా 39ఎ అధికరణం చేరింది. పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం అందకుండా పోరాదని అది ప్రభుత్వాన్ని ఆదేశిస్తున్నది.

తరువాతి పదేండ్లలో సుప్రీంకోర్టు ఈ ఆదేశానికి ప్రాణం పోసింది. 1979 నాటి హుస్సైనారా ఖాతూన్ కేసు బీహారు జైళ్ళలో మ్రగ్గుతున్న విచారణ ఖైదీలను గురించినది. తమ నేరానికి పడదగిన గరిష్ఠ శిక్షకంటె ఎక్కువ కాలం విచారణే లేకుండా జైలులో ఉన్నవారు వారిలో ఉన్నారు. సత్వర విచారణా, ఉచిత న్యాయసహాయమూ జీవించే హక్కులో భాగాలేనని కోర్టు చెప్పింది. 1981లో ఖత్రీ కేసులో మరొక మెట్టు ఎక్కింది. డబ్బు లేదనే సాకు ప్రభుత్వం చెప్పరాదనీ, ముద్దాయిని మొదటిసారి హాజరుపరచిననాడే ఉచిత వకీలు సంగతి మేజిస్ట్రేటు అతనికి తెలియజేయాలనీ తీర్పు వచ్చింది. 1986లో సుక్‌దాస్ కేసులో, వకీలు లేకుండా పడిన శిక్షను కోర్టు రద్దు చేసింది. ముద్దాయి తనంత తాను అడగకపోవడం హక్కును హరించదని స్పష్టం చేసింది. తెలియనివాడు అడగడు గదా!

1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అది 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. అందుచేతనే ఏటా ఆ తేదీని న్యాయ సేవల దినంగా జరుపుతున్నారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలవుతున్నది. దాని 341వ సెక్షన్ ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుపై వకీలును ఏర్పాటు చేయమని చెబుతున్నది.

మొదటి ఇరవై నాలుగు గంటలు

మన ప్రాంతపు జీవనాన్ని ఒకసారి తలచుకొందాం. వాన నమ్మకం లేని మెట్టభూములు. మిరప కోతల కాలంలో తూర్పు ఊళ్ళకు, తాపీపనికి దూరపు పట్టణాలకు వలసపోయే కుటుంబాలు. అట్టి కుటుంబంలోని ఒక యువకుణ్ణి ఒక రాత్రి పోలీసులు తీసుకొనిపోయారనుకొందాం. ఇంటివారు మొదట ఊరి పెద్ద వద్దకు, తరువాత తెలిసిన నాయకుని వద్దకు, ఆ తరువాత అప్పు ఇచ్చేవాని వద్దకు పరుగెడతారు. ఈ మూడు గడపల మధ్య విలువైన కాలం గడచిపోతుంది. ఆ సమయంలో గుర్తుంచుకోవలసిన విషయాలు ఇవి:

1. ఎందుకు అరెస్టు చేశారో ఆ వ్యక్తికి చెప్పాలి. ఆ కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో, వ్రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

2. అరెస్టు సంగతిని, ఉంచిన చోటును అతడు పేర్కొన్న బంధువుకో స్నేహితునికో పోలీసులు తెలియజేయాలి.

3. ప్రయాణకాలం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి.

4. విచారించే సమయంలో న్యాయవాదిని కలుసుకొనే హక్కు ఉన్నది. ప్రశ్నలు అడిగినంతసేపూ వకీలు ప్రక్కనే ఉండాలని దీని అర్థం కాదు.

5. వైద్యపరీక్ష జరగాలి. దెబ్బలు తగిలి ఉంటే డాక్టరుకూ, మేజిస్ట్రేటుకూ దాచకుండా చెప్పాలి.

6. ఏడేండ్ల లోపు శిక్ష పడే నేరాలలో సాధారణంగా అరెస్టుకు బదులు హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. నోటీసు అందుకొని దాగినవాడు తన చేతులారా అరెస్టును కొనితెచ్చుకొంటాడు.

7. పదునెనిమిదేండ్లు నిండని బాలుణ్ణి లాకప్‌లో గాని జైలులో గాని ఉంచరాదు. అతని విషయం బాలల న్యాయమండలి చూస్తుంది. వయస్సు రుజువుకు బడి సర్టిఫికెట్టు ముఖ్యం. ఇంటిలో ఏ పెట్టెలో ఉన్నదో ఆ కాగితాన్ని వెంటనే వెదకి తీయాలి.

ఎఫ్.ఐ.ఆర్. ప్రతి మూలాధారమైన కాగితం. కొన్ని సున్నితమైన కేసులు తప్ప, ఎఫ్.ఐ.ఆర్.ను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చార్జిషీటు ప్రతిని ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. కోర్టులో దాఖలైన ప్రతి కేసుకు పదహారు అక్షరాలు, అంకెలతో కూడిన సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటుంది. దానిని వ్రాసి పెట్టుకొంటే ఈ-కోర్ట్స్ ద్వారా వాయిదా తేదీని చేతిలోని ఫోనులోనే చూచుకోవచ్చు. వాయిదా ఎప్పుడో తెలుసుకొనుటకు కూలి మానుకొని బస్సు ఎక్కనవసరం లేదు.

ఎవరిని అడగాలి?

కనిగిరిలో న్యాయస్థానం ఉన్నది. చట్టం ప్రకారం న్యాయస్థానమున్న చోట మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. అక్కడి సీనియర్ న్యాయాధికారియే దానికి అధ్యక్షులు. కోర్టు ఆవరణలో ఆ కమిటీని అడిగి దరఖాస్తు ఇవ్వవచ్చు. పెద్ద కేసులు సెషన్స్ కోర్టుకు పోతాయి. సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. అక్కడిదాకా పోలేనివారు 15100 అనే సంఖ్యకు ఫోను చేయవచ్చు. ఇది దేశమంతటికీ ఒక్కటే. జైలులో ఉన్నవాడు జైలు అధికారుల ద్వారానే దరఖాస్తు పంపుకోవచ్చు.

2022లో జాతీయ సంస్థ మరొక ఏర్పాటు చేసింది. ముద్దాయిల పక్షాన వాదించుటకే పూర్తికాలపు న్యాయవాదులను జిల్లాలలో నియమించే పద్ధతి అది. ప్రభుత్వం తరపున పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉన్నట్లే, పేద ముద్దాయి తరపున వీరు ఉంటారు. ఉచిత సహాయం క్రింద నియమితుడైన వకీలు కక్షిదారు నుండి పైకం తీసుకొనరాదు. ఎవరైనా అడిగితే నియమించిన సంస్థకే ఫిర్యాదు చేయవచ్చు.

వ్రాయలేనివారు నోటితో చెప్పినా దరఖాస్తుగా వ్రాసికొంటారు. ఆదాయం గురించి ప్రమాణపత్రం ఇస్తే, దానిని శంకించే కారణం లేనంతవరకు అదే చాలును.

అర్హులెవరు?

ఈ విషయంలో మనవారిలో ఒక అపోహ ఉన్నది. మైనారిటీ వర్గమైనందున తమకు సహాయం దొరుకుతుందని కొందరూ, దొరకదని మరికొందరూ అనుకొంటారు. రెండూ సరికావు. చట్టంలోని 12వ సెక్షన్ మతాన్ని బట్టి ఎవరినీ చేర్చలేదు, ఎవరినీ తీసివేయలేదు. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, బాలలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వరదలు, భూకంపాల వంటి విపత్తుల బాధితులు, నిర్బంధంలో ఉన్నవారు, రాష్ట్రం నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయం గలవారు అర్హులు. స్త్రీకీ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయ పరిమితి వర్తించదు. అనగా జైలులో ఉన్న ప్రతి ముద్దాయి, ఏ మతంవాడైనా, ఎంత ఆస్తి గలవాడైనా, అడిగే అర్హత ఉన్నవాడే.

జామీను సంకటం

వకీలు దొరికినా జామీను దొరకక జైలులో ఉండిపోయేవారున్నారు. 1978 నాటి మోతీరామ్ కేసు మన వలస కూలీలందరూ తెలుసుకోదగినది. మోతీరామ్ మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చినా, క్రింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగారు. సోదరుడు జామీనుగా నిలబడబోతే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని త్రోసిపుచ్చారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ పద్ధతిని తీవ్రంగా మందలించి, 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయమన్నారు. బస్తరులోనో, పోర్ట్ బ్లెయిరులోనో పట్టుబడిన తెలుగువానికి ఆ ఊరిలో ఆస్తి గల జామీనుదారు ఎక్కడ దొరుకుతాడని ఆ తీర్పే ప్రశ్నించింది.

బెయిలు ఇవ్వదగిన నేరంలో అరెస్టయి, వారంలోగా జామీను తేలేనివానిని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తుపై విడువవలసి ఉన్నది. నేరాన్నిబట్టి 60 లేక 90 రోజులలో దర్యాప్తు పూర్తికాకపోతే బెయిలు పొందే హక్కు కలుగుతుంది. కాని గడువు ముగియగానే దానిని అడగాలి, అడిగినదాకా రాదు. ఉరిశిక్షకు గాని యావజ్జీవానికి గాని తగిన నేరాలు కాక, ఇతర నేరాలలో మొదటిసారి పట్టుబడినవాడు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే, అతనిపై వేరే కేసులు లేనప్పుడు, విడుదలకు అర్హుడు. ఆ సంగతిని జైలు సూపరింటెండెంటు కోర్టుకు వ్రాయాలి. ఈ రోజులను లెక్కపెట్టగల మనిషి ఇంటిలో ఒకడుండాలి. క్యాలెండరు చదవగల విద్యార్థి చాలును.

మన భాష, మన కోర్టు

సాక్ష్యం తనకు తెలియని భాషలో జరిగితే, ముద్దాయికి తెలిసిన భాషలో దానిని వివరించాలని చట్టం చెబుతున్నది. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించింది. ఇంటిలో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన కుటుంబాలలో, ముఖ్యంగా స్త్రీలు, కోర్టులో అర్థం కాని మాటకు తల ఊపి వచ్చేవారున్నారు. అర్థం కాలేదని చెప్పడం అమర్యాద కాదు, అది హక్కు. అర్థం కాని కాగితంపై సంతకంగాని వేలిముద్రగాని వేయకపోవడం వివేకం.

మన కర్తవ్యం

1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆయన బారిస్టరు. మద్రాసు హైకోర్టులో గొప్పగా సాగుతున్న వృత్తిని 1921లో దేశంకోసం విడిచారు. అంతటి త్యాగం అందరికీ సాధ్యం కాదు. వారానికి రెండు గంటలు మాత్రం మనకు సాధ్యమే.

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకాన్ని ప్రారంభించింది. విద్యార్థులు కూడా అందులో చేరి శిక్షణ పొందవచ్చు. వీరు వకీళ్ళు కారు, కోర్టులో వాదించరు. పేదవానికీ న్యాయసహాయ కమిటీకీ మధ్య వంతెనగా నిలుస్తారు. దరఖాస్తు వ్రాసిపెడతారు, వాయిదా గుర్తుచేస్తారు, భాష విడమరచి చెబుతారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన విద్యార్థినీ విద్యార్థులకంటె ఈ పనికి తగినవారెవరు?

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఒక బల్లను న్యాయసహాయానికి కేటాయించాలి. దరఖాస్తు నమూనాలను రెండు భాషలలో అక్కడ ఉంచాలి. 15100 సంఖ్యను గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించాలి. ప్రతి సంవత్సరం నవంబరు 9న కనిగిరి న్యాయాధికారిని, న్యాయవాదులను ఆహ్వానించి ఒక సభ జరపాలి. ఖర్చు స్వల్పం, ఫలం అధికం.

ప్రియమైన విద్యార్థులారా! మీ వీధిలో ఎవరినైనా పోలీసులు తీసుకొనిపోతే, అతడు నేరం చేశాడా లేదా అని తీర్పు చెప్పే పని మీది కాదు. ఆ పనికి న్యాయమూర్తి ఉన్నారు. ఆ న్యాయమూర్తి ఎదుట అతడు ఒంటరిగా, మూగగా నిలబడకుండా చూడడం మాత్రం మీరు చేయగల పని. అతని తల్లి మీ వద్దకు వచ్చి ‘నాయనా, ఎవరిని అడగాలి?’ అంటే, సమాధానం చెప్పగలిగితే మీ చదువు సార్థకమైనట్లే.