పదకొండింటికే వంటగదిలోకి వెళ్లండి

కొత్తగా ప్రధానోపాధ్యాయులైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బడి భోజనం గురించి నా అనుభవంలోంచి నాలుగు మాటలు.

1. 1995 ఆగస్టు 15న ఈ పథకం మొదలైనప్పుడు బడిలో పొయ్యి లేదు. పిల్లకు నెలకు మూడు కిలోల చొప్పున ఇంటికి బియ్యం ఇచ్చేవాళ్లం. ఇంటిల్లిపాదీ తినేవారు, అందులో తప్పేం లేదు. బడిపిల్ల కడుపులోకి ఎంత పోయిందో మాత్రం తెలిసేది కాదు. వండి పెట్టాల్సిందేనని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరిలో మన దగ్గర పొయ్యి వెలిగింది. కాబట్టి లెక్క కంచాల దగ్గరే చూసుకోండి.

2. ప్రాథమిక తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. యాభై మంది ఉంటే కిలో పప్పు ఉడకాలి. గరిటె ఎత్తి చూడండి. పప్పు నిదానంగా జారితే సరే. నీళ్లలా కారిపోతే వంటామెను కసురుకోకండి, బిల్లు ఎప్పుడొచ్చిందో అడగండి.

3. అసలు సంగతంతా ఆ బిల్లులోనే ఉంది. బియ్యం సర్కారుది. కూరగాయలు, పోపు సామాను లాంటివి ముందు వంటవాళ్లే కొనాలి, డబ్బు తర్వాత వస్తుంది. నెలలు గడిచినా రాకపోతే కిరాణా కొట్లో అప్పు పుట్టదు. మా బడి వంటామె చెవి కమ్మలు తాకట్టు పెట్టి సరుకులు తెచ్చిన నెల ఉంది. ఆమె పుస్తెలమ్మి వండినా పిల్లలకు తెలియదు, తింటారు. మనకు తెలియాలి. 2009లో కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు, అదీ పది నెలలకే. ఆంధ్రప్రదేశ్ 3,000 ఇస్తోంది. వండి, వడ్డించి, అంట్లు తోమే మనిషికి అది ఏ మూలకి? మండల సమావేశంలో ప్రతిసారీ ఈ మాట ఎత్తండి, పైవాళ్లు విసుక్కున్నా సరే.

4. పిల్లలకంటే ముందు మీరు తినండి. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో పురుగుమందు కలిసిన భోజనం 23 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. నూనె వాసన తేడాగా ఉందని వంటామె అంటే ఆ పూట ఆ నూనె ముట్టొద్దు.

5. గుడ్డు చేతికే ఇవ్వండి, కూరలో చిదిమి పంచొద్దు. మూడో తరగతి పిల్ల ఒకతె గుడ్డు తినకుండా పలక సంచిలో దాచుకునేది. ఇంట్లో తమ్ముడికట. వాణ్ణి అంగన్‌వాడీలో చేర్పించాం, వాడి గుడ్డు వాడికి అక్కడే దొరికింది. ఆ వారం నుంచి ఈ పిల్ల తన గుడ్డు తనే తింది.

6. వండే మనిషి కులం చూసి పిల్లల్ని తినొద్దనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరెంత ఒత్తిడి తెచ్చినా వంటామెను మార్చకండి. ఉపాధ్యాయులంతా పిల్లల వరుసలో కూర్చుని ఆమె చేతి వంటే తినండి. వద్దన్న తల్లిదండ్రుల్నీ ఒక మధ్యాహ్నం భోజనానికి పిలవండి.