నడివేసవిలో కూరగాయల పెరడు: నీరు, నీడ, పూత

ఏప్రిల్, మే నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. ఫిబ్రవరిలో విరగకాసిన టమాటా ఈ రోజుల్లో పూత రాల్చేస్తుంది. బీరపాదు పిందెలు పసుపెక్కి ఊడిపోతాయి. మధ్యాహ్నానికి వంగ ఆకులు వేలాడతాయి. సరిగ్గా అప్పుడే చాలా ఇళ్లలో నీటికి కటకట మొదలవుతుంది. మొక్కలన్నింటికీ మరిన్ని నీళ్లు పోయడమే మందు అనిపిస్తుంది కానీ, ఈ మూడింటికీ కారణం ఒకటి కాదు. ఏది నీటి కొరత, ఏది వేడి, ఏది పరాగ సంపర్కం జరగకపోవడం అన్నది గుర్తుపడితే ఉన్న కొద్ది నీటితోనే పెరడు వేసవిని దాటుతుంది.

మధ్యాహ్నం ఆకులు వాలితే

మొక్క వేళ్లతో పీల్చుకున్న నీటిలో అధిక భాగం ఆకుల అడుగున ఉండే సూక్ష్మ రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. ఇది వృథా కాదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిలో చాలా భాగం ఆకు నుంచే పోతుంది కాబట్టి ఆకు చల్లబడుతుంది. కొత్త కుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రంతోనే.

నడిఎండలో ఆకులు నీటిని వదిలే వేగాన్ని వేళ్లు అందుకోలేవు. అప్పుడు కణాల్లో బిగువు తగ్గి ఆకులు వాలతాయి. ఎండ తగలే వైశాల్యం కూడా దాంతో తగ్గుతుంది. సాయంత్రానికి ఆకులు తిరిగి లేస్తే మొక్కకు ప్రమాదం లేదు. తెల్లవారుజామున కూడా వాలే ఉంటే అది నిజమైన నీటి కొరత, లేదా వేరుకుళ్లు. కుండీ మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు దించి చూస్తే తేడా తెలుస్తుంది. లోపల తడి ఉన్నా మొక్క వాలి ఉంటే మళ్లీ నీరు పోయకూడదు. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండితే వేళ్లకు ఆక్సిజన్ అందక అవి కుళ్లిపోతాయి.

ఎంత నీరు, ఎప్పుడు?

వేసవిలో దక్కన్ ప్రాంతంలో నిండుగా ఆకులున్న పంట నుంచి, దాని మట్టి నుంచి రోజుకు సుమారు 6 నుంచి 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. అంటే 4 చదరపు మీటర్ల మడికి రోజుకు 24 నుంచి 28 లీటర్లు కావాలి. 15 లీటర్ల బకెట్లతో కొలిస్తే రెండు బకెట్లకు కాస్త తక్కువ. మొక్కలు చిన్నవైతే ఇంకా తక్కువ సరిపోతుంది. డాబా మీది కుండీలకు పక్కల నుంచి కూడా వేడి తగులుతుంది కాబట్టి అవి త్వరగా ఆరిపోతాయి.

నీరు పోయడానికి తెల్లవారుజాము మేలు. అప్పటికి మట్టి చల్లగా ఉంటుంది, ఆవిరయ్యేది తక్కువ, ఎండెక్కేలోగా వేళ్లకు నీరు అందుతుంది. బాగా ఎండిన మట్టి, కొబ్బరి పొట్టు నీటిని వెంటనే పీల్చుకోవు. నీరు కుండీ అంచుల వెంట జారి అడుగు నుంచి పోతుంది. అందుకే ముందు కొద్దిగా పోసి, పది నిమిషాలాగి మిగిలినది పోయాలి. మట్టిపై మూడు వేళ్ల మందాన ఎండుటాకులు, వరిగడ్డి లేదా వేరుశనగ పొట్టు పరిస్తే ఎండ నేరుగా మట్టికి తగలదు. దాంతో తడి ఎక్కువసేపు నిలుస్తుంది.

బియ్యం, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు పోయవచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే నీటిలో మాత్రం లవణాలు గాఢంగా ఉంటాయి. అదే రోజూ పోస్తే కుండీలో ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి.

ఎండలో ఆకులపై పడిన నీటిచుక్కలు భూతద్దాల్లా పనిచేసి ఆకును కాలుస్తాయని ఒక నమ్మకం ఉంది. హంగేరీ పరిశోధకులు దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. నున్నని ఆకులపై చుక్కలు ఆకుకు ఆనుకొని ఉండటం వల్ల అలాంటి కాలుడు కనబడలేదు. చుక్కను ఆకు నుంచి పైకెత్తి పట్టుకునే నూగున్న ఆకులపైనే అది సాధ్యమని తేలింది. మధ్యాహ్నం నీళ్లు వద్దనడానికి అసలు కారణం ఆవిరి రూపంలో పోయే నష్టమే.

టమాటా పూత ఎందుకు రాలుతుంది?

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి ఉష్ణోగ్రత కూడా 24 డిగ్రీలకు దిగనప్పుడు టమాటా పుప్పొడి మొలకెత్తే శక్తి కోల్పోతుంది. పువ్వు ఫలదీకరణం చెందక తొడిమ దగ్గర ఊడిపోతుంది. ఇక్కడ ఎరువు పనిచేయదు. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుందే తప్ప పిందె నిలవదు. పడమటి ఎండ తగలకుండా 35 నుంచి 50 శాతం నీడనిచ్చే వల కట్టి, మొక్కను ప్రాణాలతో ఉంచడమే ఈ నెలల్లో లక్ష్యం. వాతావరణం చల్లబడితే అదే మొక్కకు మళ్లీ పిందె పడుతుంది.

కాసిన టమాటాల అడుగున నల్లని మచ్చ వస్తే తెగులని మందు కొట్టనక్కర్లేదు. కాల్షియం నీటితో పాటే కాయకు చేరుతుంది. ఒకరోజు ఎండగట్టి, మరోరోజు ముంచెత్తితే ఆ సరఫరా తెగి కాయ కొన కణాలు చచ్చిపోతాయి. నీరు క్రమంగా అందిస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

పాదులకు చేతి సాయం

బీర, సొర, కాకర, దోస, గుమ్మడి పాదుల్లో మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు రేకుల కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే ఉంటుంది. సాధారణంగా మగపూలే ముందు వస్తాయి. ఎక్కువ వేడి, దీర్ఘమైన పగళ్లు కూడా మగపూలనే పెంచుతాయి. కాబట్టి మొదటి పూలన్నీ రాలిపోయినా కంగారు పడనక్కర్లేదు.

ఆడపువ్వు వచ్చాక కూడా పిందె పసుపెక్కి రాలితే, పుప్పొడి అందలేదేమో చూడాలి. నగరంలో నాలుగో అంతస్తు డాబాకు తేనెటీగలు అరుదుగా వస్తాయి. అలాంటి చోట అప్పుడే విచ్చిన మగపువ్వును తెంచి, రేకులు తీసేసి, లోపలి కేసరాలను ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రానికి మృదువుగా తాకిస్తే చాలు. సమయం ముఖ్యం. గుమ్మడి, దోస, కాకర పూలు ఉదయం విచ్చుకుంటాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఉదయం నీళ్లు పోసేటప్పుడు బీరపాదును చూసేవారికి ఈ అదను దొరకదు.

కోత, పురుగులు

బెండ ఈ కాలపు నమ్మకమైన పంట. పూసిన నాలుగు నుంచి ఆరు రోజుల్లో కాయ కోతకొస్తుంది. రెండు రోజులకోసారి కోయాలి. ముదిరితే పీచు పడుతుంది, గింజలకే మొక్క బలం ఖర్చయి కొత్త పూత తగ్గుతుంది.

పొడి వేడిలో ఎర్రనల్లి వేగంగా పెరుగుతుంది. ఆకుపై సన్నని తెల్లచుక్కలు, అడుగున పలచని గూడు దాని గుర్తులు. ఆకుల అడుగుభాగాన్ని ఉదయం నీటిధారతో కడిగితే చాలావరకు పోతుంది. బెండ ఆకుల ఈనెలు పసుపు వల్లెలా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు. దానికి చికిత్స లేదు. ఆ మొక్కను వెంటనే పీకేయాలి. తెల్లదోమను అదుపు చేయడానికి లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయవచ్చు.

నీళ్లు చాలనప్పుడు ఏది నిలపాలి?

ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇంట్లో అన్ని మొక్కలకూ సమానంగా పంచితే అన్నీ సగం దాహంతో ఉంటాయి. అలాంటప్పుడు తోటకూరకు ముందు చోటివ్వాలి. అది జొన్న, మొక్కజొన్నల్లాగా సీ4 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరిపే మొక్క. కార్బన్ డయాక్సైడును ఆకు లోపల గాఢంగా కూడబెట్టుకోవడం వల్ల పత్రరంధ్రాలను అంతగా తెరవనక్కర్లేదు. అదే నీటితో ఎక్కువ ఆకు ఇస్తుంది, 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. గంగవాయిలి కూర కూడా సీ4 మొక్కే. పైగా నీటి ఎద్దడిలో రాత్రిపూట కార్బన్ డయాక్సైడును తీసుకుని నిల్వ చేసుకునే మరో పద్ధతికీ మారగలదు. తర్వాతి స్థానం కాస్తున్న బెండ, గోరుచిక్కుడులది. కాపు ముగిసిన టమాటా, ముదిరిన పాలకూర, పురుగు తినేసిన క్యాబేజీ పీకేసి కంపోస్టులో వేస్తే వాటి వంతు నీరు మిగులుతుంది.

మే చివరికి మరో పని ఉంది. వానాకాలపు వంగ, మిరప, టమాటా నారు నీడలో పోసుకుంటే, మృగశిర దాటి తొలకరి పడ్డాక నాటడానికి మొలకలు సిద్ధమవుతుంటాయి. రోజుకు ఒక చెంబు నీటితో సాగే ఆ చిన్న నారుమడి ఎండిపోకుండా చూసుకుంటే, వానలు మొదలయ్యాక పెరడు మళ్లీ నిండుతుంది.