ప్రసూతి వేళ ఊపిరి బాట

గ్రామ పంచాయతీ సభ్యులారా!

గోదావరిఖని భూగర్భ గనులలో పంకాలు ఆగి గాలి ఆడకున్నచో ఎన్ని యంత్రములున్నను వ్యర్థమే. కాన్పు ఆపరేషనుకై పూర్తి మత్తు పొందిన తల్లికిని ఇదే వర్తించును. ముందుగా ఆమె శ్వాసమార్గమును కాపాడవలెను.

1847లో స్కాట్లండు వైద్యుడు జేమ్సు సింప్సన్ కాన్పులలో ఈథరును, పిదప క్లోరోఫారమును వాడినాడు. మందు చల్లిన గుడ్డయే నాటి సాధనము. కొందరు రోగులు మరణించగా, ముందు ఆగునది గుండెయా, ఊపిరియా అను వాదము బయలుదేరినది. దీనిని తేల్చుటకు మన హైదరాబాదులోనే 1888, 1889లలో ఎడ్వర్డు లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ సహాయముతో రెండు క్లోరోఫారం కమీషనులు పనిచేసినవి. గుండె ముందుగా ఆగదన్న వాటి నిర్ణయము తరువాత తప్పని తేలినది. ఊపిరిని కనిపెట్టుడన్న హెచ్చరిక మాత్రము నేటికిని నిలిచినది. మత్తువైద్యమున తొలి మహిళగా పేరొందిన డాక్టరు రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదులో చదివి, పనిచేసినవారే.

1946లో అమెరికా వైద్యుడు మెండెల్సన్ మరొక ప్రమాదమును వివరించినాడు. నిండు గర్భము కడుపును పైకి నొక్కును. నొప్పులలో జీర్ణక్రియ మందగించును. మత్తులో తిన్నది గొంతులోనికి ఎగదన్ని ఊపిరితిత్తులలో పడును. అందుచే శ్వాసనాళమున గొట్టమును అమర్చి, దాని చుట్టునున్న బుడగను ఉబ్బించి దారి మూయుదురు. గొంతు చూచి గొట్టము పెట్టుటకు 1943లో మాకింటాష్ వంపు లారింగోస్కోపును రూపొందించినాడు. 1961లో సెల్లిక్ గొంతులోని మృదులాస్థిని వ్రేళ్లతో నొక్కిపట్టు పద్ధతిని తెలిపినాడు. గర్భిణి గొంతు వాచి గొట్టము దిగనిచో ఆదుకొను లారింజియల్ మాస్కును 1980లలో ఆర్చీ బ్రెయిన్ కనుగొన్నాడు. నేడు కెమెరాగల లారింగోస్కోపులును వచ్చినవి. నడుమున సూది వేయుటచే ఇప్పుడు పెక్కుమంది తల్లులు మెలకువతోనే బిడ్డను చూచుచున్నారు. అయినను అత్యవసరమున పూర్తి మత్తు తప్పకపోవచ్చును.

గ్రామములలో తిరుగునపుడు మేము గమనించినది ఒకటి కలదు. ఆసుపత్రికి బయలుదేరు గర్భిణికి బలము కావలెనని పెద్దలు కడుపునిండ అన్నము పెట్టుదురు. అచ్చట అడిగినచో కోపగింతురేమోయని ‘ఏమియు తినలేదు’ అందురు. ఈ చిన్న అబద్ధము ప్రాణము తీయగలదు.

కావున సభ్యులు ఇంటింటను ఈ మూడు మాటలు చెప్పవలెను. నొప్పులు మొదలైన పిదప ఏమి తినిపించవచ్చునో నర్సును అడుగుడు. చివరిసారి ఏమి, ఎప్పుడు తిన్నదో దాచక చెప్పుడు. వెనుకటి ఆపరేషనులో మత్తువలన ఇబ్బంది కలిగియున్నచో ముందే తెలుపుడు. వైద్యుని చేతి సాధనమెంత గొప్పదైనను, మన నోటి నిజము దానికి తోడు కావలెను.