పదహారు ఉపచారాలు – మనసులోని భావానికి రూపం

వినాయక చవితి పూజ మొదలవగానే ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. “దేవుడు అంతటా ఉన్నాడంటారు కదా, మరి ఈ మట్టిబొమ్మ కాళ్ళు కడగడం ఎందుకు?” ప్రశ్న సరైనదే. “అలా అడగకూడదు, తప్పు” అని నోరు మూయిస్తే వాళ్ళకు పూజ అర్థం కాని తంతుగానే మిగిలిపోతుంది. కనుక మనం ముందుగా జవాబు తెలుసుకుందాం.

మన ఇంటికి అమ్మమ్మ, తాతయ్య ఇండియా నుంచి వచ్చారనుకోండి. ఎయిర్‌పోర్టుకు ఎదురువెళతాం, కూర్చోబెడతాం, మంచినీళ్ళిస్తాం, వేడిగా భోజనం పెడతాం. మన మనసులోని ప్రేమ కంటికి కనబడదు. ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు కనబడుతుంది. షోడశోపచార పూజ అంటే సరిగ్గా ఇదే. ఆవాహనం అంటే రమ్మని పిలవడం. ఆసనం అంటే కూర్చోమనడం. పాద్యం కాళ్ళకు నీళ్ళు, అర్ఘ్యం చేతులకు నీళ్ళు, ఆచమనీయం తాగడానికి నీళ్ళు. తరువాత స్నానం, వస్త్రం, గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం. అన్నీ ఇంటికి వచ్చిన పెద్దలకు చేసే మర్యాదలే.

ఇందులో వరుసను కూడా గమనించండి. మొదట “ధ్యాయామి”, ఆ తరువాతే “ఆవాహయామి”. అంటే ముందు మనసులో స్వామిని చూడాలి. హృదయంలో ఉన్న ఆ స్వామినే బయట మూర్తిలోకి ఆహ్వానించాలి. పూజ ముగిశాక ఉద్వాసన చెబుతాం. అందుకే నిమజ్జనంలో కరిగేది మట్టి మాత్రమే.

మరి ఇరవై ఒక్క రకాల పత్రి ఇక్కడ దొరకదు కదా అంటారా? దానికీ పెద్దలు దారి చూపించారు. లేని వస్తువుకు బదులు అక్షతలు సమర్పించమన్నారు. ఏమీ లేకపోతే మానస పూజ ఉండనే ఉంది. అందులో భూమి గంధం, ఆకాశం పుష్పం, వాయువు ధూపం, అగ్ని దీపం, అమృతం నైవేద్యం.

“అయితే మనసులో తలచుకుంటే చాలదా?” అని కొందరు పెద్దవాళ్ళే అడుగుతారు. శ్రీకాళహస్తిలోని తిన్నడిని, అంటే మన భక్త కన్నప్పను తలచుకోండి. ధూర్జటి మహాకవి ఆయన కథను తన శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. ఆ బోయవానికి మంత్రం రాదు, మడి తెలియదు. అయినా ఊరకే తలచుకుంటూ కూర్చోలేదు. నోటితో నీళ్ళు తెచ్చి అభిషేకించాడు, తాను తినే మాంసమే నైవేద్యం పెట్టాడు, చివరకు తన కన్నొకటి ఇచ్చి రెండోదీ ఇవ్వబోయాడు. నిజమైన భావం లోపల ఊరుకోదు. చేతికి అందిన దానితో తన రూపం తానే వెతుక్కుంటుంది. భావం లేని క్రియ తంతు అవుతుంది. క్రియ లేని భావం క్రమంగా మరుపున పడుతుంది.

ఈ చవితికి ఒక చిన్న ప్రయత్నం చేద్దాం. పూజా విధానం యూట్యూబ్‌లో పెట్టుకున్నా సరే, ఒక్కో ఉపచారం దగ్గర ఒక్క నిమిషం ఆపి, దాని అర్థం పిల్లలకు తెలుగులో చెప్పండి. ఒక ఉపచారం వాళ్ళ చేత చేయించండి. ఉండ్రాళ్ళు వంకరగా వచ్చినా వాళ్ళనే చుట్టనివ్వండి. ఆ చిన్ని చేతుల్లోని ఉండ్రం కూడా వాళ్ళ మనసుకు ఒక రూపమే.

శుభం భూయాత్.