మంచులో మొరాయించిన బండి

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు పాదలేపం మహిమతో హిమాలయాన్ని చేరుకొన్నాడు. మంచు సోకి ఆ పసరు కరిగిపోగా, ఇల్లు చేరే మార్గం లేక దిక్కుతోచక నిలిచాడు. చలి ప్రయాణ సాధనాన్ని అపహరించడమంటే అదే. ఉన్నత విద్యకై కెనడాకో, అమెరికా ఉత్తర రాష్ట్రాలకో వెళ్లిన తెలుగు యువకుడికి, లడఖ్‌లో కాపలా కాసే సైనికుడికి నేడు అదే చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి కదలదు.

అటువంటప్పుడు పదేపదే తాళం తిప్పడం కంటె ముందు చెవి ఒగ్గి వినడం మేలు. యంత్రం తన వ్యాధిని ధ్వని ద్వారానే చెబుతుంది. టిక్కుమనే చప్పుడు మాత్రమే వినిపిస్తే, లేదా ఇంజిన్ బరువుగా మూలుగుతూ తిరిగితే, దోషం చాలావరకు బ్యాటరీది. విద్యుత్తును పుట్టించే రసాయన చర్య చలికి మందగిస్తుంది. సున్నా డిగ్రీల వద్ద సీసపు బ్యాటరీ శక్తిలో సుమారు మూడవ వంతు, మైనస్ 18 డిగ్రీల వద్ద సగానికి పైగా తగ్గుతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పడానికి మరింత శక్తి కావలసివస్తుంది. ఆదాయం తగ్గిననాడే ఖర్చు పెరిగిన సంసారం వంటిది దాని స్థితి!

కనుక దీపాలు, ఫ్యాను, రేడియో ఆపివేయాలి. బ్యాటరీ కొనలపై తెల్లని బూజు వంటి తుప్పు ఉంటే తుడిచి, తీగలను బిగించాలి. పది సెకన్లకు మించి తాళం తిప్పిపట్టక, నడుమ రెండు నిమిషాల విరామమివ్వాలి. మరొక కారు నుండి తీగలతో శక్తిని అందించవచ్చును గాని, చివరి నల్లతీగను బ్యాటరీకి దూరంగా, ఇంజిన్‌పై రంగులేని లోహానికి తగిలించాలి. శక్తి పూర్తిగా తరిగిన బ్యాటరీ లోపల గడ్డకట్టి ఉబ్బి ఉంటే ఆ ప్రయత్నమే కూడదు, అది పేలవచ్చు.

ఇంజిన్ చక్కగా తిరుగుతున్నా అంటుకోకపోతే ఇంధనాన్ని అనుమానించాలి. తీవ్రమైన చలిలో డీజిల్‌లోని మైనం పేరుకొని వడపోతను మూసివేస్తుంది. ఈ బాధను తగ్గించడానికే 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించే డీజిల్‌ను లడఖ్‌లో ప్రవేశపెట్టింది. కెనడాలో మరొక ఉపాయం ఉంది: రాత్రివేళ కారును కరెంటు ప్లగ్గుకు తగిలించి ఇంజిన్‌ను వెచ్చగా ఉంచుతారు. ముందుభాగాన వేలాడే తీగను చూసి క్రొత్తవారు ఆశ్చర్యపోవడం సహజం.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. తాళం తిప్పడానికి ముందే వెనుకనున్న పొగగొట్టం చుట్టూ మంచును తొలగించాలి. గొట్టం మూసుకొన్న బండి స్టార్టయితే అదే పెద్ద ప్రమాదం. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. 2022 జనవరిలో పాకిస్థాన్‌లోని ముర్రీ వద్ద భారీ మంచులో వాహనాలు చిక్కుకొని 20 మందికి పైగా మరణించారు. కొందరిని బలిగొన్నది చలి కాదు, ఈ వాయువేనని అధికారులు భావించారు. దారిలో చిక్కుకొని వేచి ఉండవలసివస్తే గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడిపి, గాలి కొట్టని వైపు కిటికీని కొద్దిగా తెరిచి ఉంచాలి.