కోక, తోక

కడప

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్లో నేను చెప్పింది తక్కువ, నువ్వు ఏడ్చింది ఎక్కువ. అందుకే ఉత్తరం. కాగితమైతే మళ్ళీ చదువుకోవచ్చు, మీ ఆయనకూ మీ అత్తకూ చూపించొచ్చు.

మొన్న ఉగాదికి మీరు వచ్చినప్పుడు దేవుని కడప గుడి దగ్గర మన బుడ్డోణ్ణి గంటసేపు గమనించినాను. బీబీ నాంచారమ్మ మా ఇంటి బిడ్డ, స్వామి మా అల్లుడు అని ముస్లిములు కూడా కొబ్బరికాయలతో వచ్చే రోజు కదా, ఇసకేస్తే రాలని జనం. ఆ జనంలో వాడు కుక్కను చూసి "తుత్త, తుత్త" అని ఎగిరినాడు. కాలు తొక్కితే "తాలు" అని ఏడ్చినాడు. గాలికి "దాలి" అన్నాడు. నువ్వేమో వాడి మాటంతా గందరగోళం అంటావు. నాకు అందులో లెక్క కనపడింది. క ఉన్న చోటల్లా త, గ ఉన్న చోటల్లా ద. ఒక్కసారి కూడా తప్పలేదు. క, గ పలకాలంటే నాలుక వెనక భాగం లేచి అంగిలిని తాకాలి. త, ద లకు నాలుక కొన పంటికి తగిలితే చాలు. వాడు వెనక చేయాల్సిన పని కూడా కొనతోనే చేస్తున్నాడు, అంతే.

మూడేళ్ళ పిల్లలు చాలామంది ఇట్లే మాట్లాడతారు. మూడున్నర, నాలుగుకల్లా ఎక్కువమందికి సర్దుకుంటుంది. బయటివాళ్ళకు రెండేళ్ళవాడి మాటల్లో సగం అర్థమైతే చాలు, మూడేళ్ళకు ముప్పావు వంతు, నాలుగేళ్ళకు దాదాపు అన్నీ అర్థం కావాలి. వాడికి నాలుగు దాటినాయి. మీ వీధి అంగడాయనకు వాడు అడిగేది తెలియడం లేదంటే, ఇంక "పెద్దయితే అదే వస్తుందిలే" అని కూర్చోకూడదు. ర మాత్రం వేరే. రైలును లైలు అంటే ఇప్పుడే దాని జోలికి పోవద్దు. అది ఐదారేళ్ళకు వచ్చే అక్షరం. మీ అత్త దీన్ని నత్తి అంటోంది, నత్తి కాదు. నత్తి అంటే మొదటి అక్షరం దగ్గరే మాట పట్టేయడం. మనవాడికి మాట ఆగడం లేదు, దారి తప్పుతోంది.

బడి నుంచి వచ్చిన ఫిర్యాదు విని మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "యాడికి" అంటున్నాడని, "పోతాండా" అంటున్నాడని పుస్తకంలో రాసి పంపినారా! అది లోపం కాదు, మన సీమ మాట. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు తుత్త గురించి చెప్పు, యాడికి గురించి చెప్పొద్దు. వాళ్ళను అనడానికి నాకు నోరు లేదులే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఒకటో తరగతి పిల్లలను నిలబెట్టి "ఎక్కడికి" అని పదిసార్లు అనిపించేదాన్ని. వాళ్ళు అది నేర్చుకోలేదు. నాతో మాట్లాడ్డం మానుకొని తలాడించడం నేర్చుకున్నారు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండని బడివాళ్ళు చెప్పిన సలహా కూడా పాటించొద్దు. నీకు కోపం, ముద్దు ఏ భాషలో వస్తాయో ఆ భాషలోనే వాడితో మాట్లాడు. పక్కింటి పిల్లలతో ఉర్దూలో ఆడుకుంటున్నాడా, ఆడుకోనీ. మీ కర్నూలులో రెండు భాషల మధ్య పెరగని పిల్లలెంతమంది? రెండు భాషల వల్ల పలుకు చెడదు.

మీ చిన్న మామ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. వాడికి ర రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా మేమే వాణ్ణి ముందుకు తోసి "రైలు అను, రైలు అను" అనేవాళ్ళం. వాడు "లైలు" అంటే మిద్దె ఎగిరిపోయేట్టు నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా జేజి వస కొమ్ము గంధం మాదిరి అరగదీసి రోజూ నాలుకకు రాసేది. ఆరో ఏట ర దానంతటదే వచ్చింది. వసే పనిచేసిందని జేజి చనిపోయేదాకా చెప్పుకుంది. కానీ అప్పటికే వాడు కొత్తవాళ్ళ ముందు నోరు విప్పడం మానేసినాడు. ఇప్పటికీ ఇంట్లో ఫోను మోగితే తన భార్యను తీయమంటాడు, గమనించినావా?

అందుకే "సరిగ్గా చెప్పు" అనే మాట ఈరోజు నుంచి ఇంట్లో వినపడకూడదు. వాడు "తుత్త వచ్చింది" అంటే నువ్వు "అవును, కుక్క వచ్చింది. నల్ల కుక్క. కుక్కకు సంగటి పెడదామా?" అను. తప్పు పట్టినట్టు ఉండదు, సరైన మాట మూడుసార్లు చెవిన పడుతుంది. వాడు తిరిగి అనాలని చూడొద్దు. అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించొద్దు, "నాకు చూపించు నాయనా" అని చెయ్యి పట్టుకొని పో. చుట్టాల ముందు పరీక్షలు పెట్టే వాళ్ళుంటే నా పేరు చెప్పి ఆపెయ్. ఫోన్లో బొమ్మల గురించి ఒక్క మాటే: అది వాడితో మాట్లాడుతుంది కానీ వాడి జవాబు కోసం ఆగదు.

ఇంక ఆట. ఒక కాగితం మీద కోక బొమ్మ, ఇంకోదాని మీద తోక బొమ్మ వెయ్. ముందు నువ్వు చెప్పు, వాడు ఏదో ఒకటి చూపించాలి. చెవికి తేడా తెలుస్తోందా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. తెలుస్తుంటే తర్వాత వాడు చెప్పాలి, నువ్వు ఇవ్వాలి. వాడు కోక కావాలని "తోత" అంటాడు. నువ్వు నవ్వకుండా తోక బొమ్మ ఇచ్చెయ్. "అమ్మ తోక కట్టుకుంటుందా?" అని వాడే నీ మొహం చూస్తాడు. ఆ చూపు కోసమే ఈ ఆట. తన మాట తేడాగా పోయిందని తనకే తట్టాలి. కల, తల. కాళ్ళు, తాళ్ళు. మన భాషలో ఇట్లాంటి జంటలకు కొదవ లేదు. నాలుక వెనక్కి పోవడానికి వెల్లకిలా పడుకోబెట్టి కాకి మాదిరి అరిపించు. పడుకుంటే నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది. నీళ్ళు గొంతులో గరగరలాడించడం వస్తే అదీ మంచిదే. రోజుకు పది నిమిషాలు చాలు, విసుగు రాకముందే ఆపు.

ఇవన్నీ చెవి పరీక్ష అయినాకే లెక్క. టీవీ మోగితే తిరుగుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయని మీ ఆయన అంటున్నాడట. పెద్ద శబ్దం వినపడినంత మాత్రాన స, త లాంటి సన్నని ధ్వనులు వినపడినట్టు కాదు. జలుబు తగ్గినా కర్ణభేరి వెనక నీరు నెలల తరబడి నిలిచిపోవచ్చు, నొప్పీ ఉండదు, చీమూ కారదు. వాడికి చలికాలమంతా జలుబే అని నువ్వే అన్నావు. పైగా మీది మేనరికం. దగ్గర రక్తంలో పుట్టుకతో చెవి సమస్యలు రావడానికి అవకాశం కాస్త ఎక్కువ. నీ తప్పని కాదు తల్లీ, పరీక్ష తప్పించొద్దని చెప్తున్నా. అట్లే పట్టపగలు వాడి నోరు తెరిపించి కొండనాలుక చూడు. అది రెండుగా చీలి ఉన్నా, మాట ముక్కులోంచి వస్తున్నా ఆ ముక్క డాక్టరుకు తప్పకుండా చెప్పు. పైకి కనపడని మొర్రి అంగిలి లోపల ఉండొచ్చు.

నాలుక కింద నరం కోయిస్తే మాట వస్తుందని ఎవరో చెప్పినారన్నావు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది, పోవద్దు. వాడు నాలుక పెదవి దాటించి ఐస్‌క్రీం నాకడం నేను చూసినాను. వాళ్ళు నరం అనే ఆ పొర ఉండేది నాలుక ముందు భాగం కింద. వాడికి రానిది వెనక భాగంతో పలికే అక్షరం. ముందు కోస్తే వెనకది ఎట్లా లేస్తుంది? వస కూడా వద్దు. ఎక్కువ మాట్లాడేవాణ్ణి వసపిట్ట అనడం వరకు ముచ్చటే, కానీ వస కొమ్ము కడుపులోకి పోతే పిల్లలకు వాంతులవుతాయి. అమెరికాలో 1968లోనే దాన్ని తిండి వస్తువుల్లో వాడకుండా నిషేధించినారు.

యాడికి పోవాలంటావా? 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటి నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళదాకా పిల్లలకు ఉచితం, చెవి, మాట ఆలస్యం అన్నీ అందులో ఉన్నాయి. వాళ్ళ బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బళ్ళకు వస్తాయి. మీది ప్రైవేటు బడి కాబట్టి నువ్వే కదలాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో ముందు చెవి, ముక్కు, గొంతు విభాగంలో చూపించి, తర్వాత పిల్లల డీఈఐసీ, అదే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, ఎక్కడని అడుగు. వాళ్ళకు అంతు చిక్కకపోతే మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, 1965లో పెట్టింది. అంతదాకా పోవాల్సిన పని పడదనే నా నమ్మకం.

వచ్చే సోమవారం పొద్దున బస్సుకు నేను వస్తున్నా, ఇద్దరం కలిసే పోదాం. వాడి ఆధార్ కార్డు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు తీసిపెట్టు. కుదురుగా కూర్చుంటే శబ్దం వినపడినప్పుడల్లా గిన్నెలో గోళీ వేయమని ఆటలాగా పరీక్ష చేస్తారు. కూర్చోకపోతే నిద్రపుచ్చి బెరా తీస్తారు, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు ఎట్లా స్పందిస్తున్నాయో యంత్రంతో చూస్తారు. కాబట్టి ఆదివారం రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టు. దారిలో నిద్రపోనీయకుండా చూసుకునే పని నాది.

ఇట్లు,
మీ పెద్దమ్మ