కుంజుం కనుమ: బండి నడిపేవారికి కొండ నేర్పే పాఠం



ఒక లోయ నుంచి ఇంకో లోయలోకి కొండను దాటించే దారిని కనుమ అంటాం. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్, స్పితి లోయలను కలిపే కుంజుం కనుమ సుమారు 4,550 మీటర్ల ఎత్తున ఉంది. గ్రాంఫూ నుంచి చంద్రా నది వెంట, బాతల్ మీదుగా సాగే ఈ దారి చాలాకాలంగా రాళ్లకు, మట్టికి, సెలయేళ్లకు పేరుపడింది. చలికాలమంతా మంచు కప్పేసి ఉంటుంది. మన హాస్టళ్లలో చదివి సైన్యంలో చేరినవారు, డ్రైవింగే బతుకుతెరువుగా చేసుకున్నవారు ఉన్నారు. అలాంటి దారిలో ధైర్యం ఒక్కటే చాలదు. గాలి, నీరు, వాలు అనే మూడింటినీ తెలుసుకోవాలి.

1. గాలి

అంత ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి సగం కన్నా కొంచెమే ఎక్కువ. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే ఉన్నా, గాలి పలుచబడటంతో ఒక్కో శ్వాసలో అందేది తగ్గిపోతుంది. ఇంజనుదీ అదే పరిస్థితి. టర్బో లేని ఇంజను తన శక్తిలో మూడో వంతుకు పైగా కోల్పోతుంది. అందుకే బండి మూలగక ముందే చిన్న గేరులోకి మారాలి.

మనిషికి తలనొప్పి, వాంతులు, తూలడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. కిందికి దిగడమే అసలైన మందు. డ్రైవరుకే ఆ లక్షణాలుంటే స్టీరింగు మరొకరికి ఇవ్వాలి. మన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వారు కూడా వారాల తరబడి శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేసుకుంటూనే పైకి వెళ్లారు.

2. నీరు

దారికి అడ్డంగా పారే సెలయేళ్లు మంచు కరిగిన నీరే. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున నీరు తక్కువ. ఎండెక్కిన కొద్దీ పెరిగి, మధ్యాహ్నానికి ఉరవడి హెచ్చుతుంది. కాబట్టి పెందలాడే బయలుదేరాలి. ముందు బండి ఎలా దాటిందో ఆగి చూడాలి. మొదటి గేరులో నిదానంగా, ఆగకుండా పోవాలి. నీటి మధ్యలో గేరు మార్చకూడదు. ఒడ్డెక్కాక బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి తడి ఆరనివ్వాలి.

3. వాలు

డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. బండి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తప్పుతుంది. ఏ గేరులో ఎక్కుతామో దాదాపు ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇరుకు దారిలో ఎదురుపడితే ఎక్కే బండికే ముందు దారివ్వాలి. ఇది మర్యాదే కాదు, మన దేశంలో రహదారి నిబంధన కూడా.

కనుమ మీద కుంజుం మాత గుడి ఉంది. డ్రైవర్లు దాని చుట్టూ బండిని ఒకసారి తిప్పి ముందుకు సాగడం అక్కడి ఆచారం.

మిత్రులారా! మంచు మొదలైనా, నీరు పెరిగినా వెనక్కి తిరగడం పిరికితనం కాదు. వెనక సీట్లో కూర్చున్నవారి ప్రాణాలు స్టీరింగు పట్టినవారి చేతిలో ఉంటాయి. కనుమ రేపు కూడా అక్కడే ఉంటుంది. మనం క్షేమంగా ఉంటే రేపు దాటవచ్చు.